మెడలో వేసుకునే పాత కోర్గ్ కొనొచ్చా?

ప్రశ్న: పెళ్ళి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తాను. గిటారు వాళ్ళలా స్టేజి మీద అటూ ఇటూ తిరుగుతూ వాయించాలని ఎప్పటినుంచో కోరిక. అమెరికాలో ఉన్న మా బావ పాత కోర్గ్ పాలీ-800 సింథ్ (కరెంటుతో రకరకాల సౌండ్లు పుట్టించే కీబోర్డు) చవగ్గా దొరికింది, సంక్రాంతికి తెస్తానంటున్నాడు. మా బ్యాండు వాళ్ళేమో ‘అది బొమ్మ, అన్ని నోట్లకీ ఒకటే ఫిల్టరు’ (సౌండులో పదును పెంచి తగ్గించే భాగం) అని నవ్వుతున్నారు. తెమ్మననా, వద్దననా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తెమ్మనండి. అడాప్టరు మాత్రం అక్కడే వదిలేసి రమ్మనండి, అది 120 వోల్టులకు చేసిందైతే మన 230లో పెట్టగానే మాడిపోతుంది. ఇక్కడే 9 వోల్టుల డీసీది కొనుక్కోవచ్చు, కాకపోతే పిన్నులో ప్లస్సు, మైనస్సు ఎటున్నాయో సింథ్ మీద గుర్తు చూసి మరీ కొనండి.

ఇది 1983లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన యమహా డీఎక్స్-7 దాదాపు రెండు వేల డాలర్లుంటే, దీని ధర వెయ్యి లోపే. అందుకే ‘చవక సరుకు’ అన్న ముద్ర పడిపోయింది, ఇప్పటికీ పోలేదు. కానీ స్టేజి మీద నిలబడేవాడికి ఏం కావాలో చూడండి: పట్టీ తగిలించుకోవడానికి రెండు కొసలా గుండీలు, సెల్స్‌తో నడవడం, 49 మామూలు సైజు కీలు, 64 సౌండ్లు దాచుకునే మెమరీ, వేరే కీబోర్డులకీ కంప్యూటరుకీ కలిపే మిడి. అప్పట్లో మెడలో వేసుకుని తిరగడానికి పేరు పడ్డ రోలాండ్ ఎస్‌హెచ్-101లో మెమరీయే లేదు, పైగా ఒకసారికి ఒకే నోటు పలుకుతుంది. ఇది ఎనిమిది పలికిస్తుంది. డబుల్ మోడ్‌లో పెడితే సౌండు చిక్కబడుతుంది గానీ నోట్లు నాలుగుకి పడిపోతాయి.

ఇక మీవాళ్ళు నవ్విన సంగతి. నిజమే, ఎనిమిది నోట్లూ ఒకే ఫిల్టరు గుండా పోతాయి. ఎడమ చేత్తో కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని నోట్లు) పట్టుకుని కుడి చేత్తో కొత్త కీ నొక్కారనుకోండి, పట్టుకున్న కార్డ్ కూడా మళ్ళీ ‘వావ్’ అని తెరుచుకుంటుంది. మొదటిసారి విన్నప్పుడు పాడైపోయిందేమో అనుకున్నాను! అయితే వాల్యూము ఎన్వలప్, అంటే కీ నొక్కాక మోత పెరిగి తగ్గే తీరు, మాత్రం ఏ నోటుకు ఆ నోటుదే కాబట్టి, ఫిల్టరుకు వెళ్ళే ఎన్వలప్‌ను సున్నా చేస్తే స్ట్రింగ్స్, ఆర్గన్ లాంటివాటిలో ఈ గొడవే వినపడదు. ఫిల్టరు ఎప్పుడెప్పుడు మళ్ళీ తెరుచుకోవాలో చెప్పే ట్రిగ్గరును సింగిల్‌లో పెట్టినా చాలావరకు సర్దుకుంటుంది.

అసలు చిరాకు వేరే ఉంది. సౌండు మార్చడానికి తిప్పే నాబులు లేవు. ప్రతిదానికీ ఒక నంబరు, దాన్ని పిలిచి అప్, డౌన్ బటన్లు నొక్కుతూ కూర్చోవాలి. నేనైతే పాటకు ముందే 41, అంటే ఫిల్టరు ఎంత తెరుచుకోవాలో చెప్పే కటాఫ్, పిలిచి పెట్టుకుంటా, పాట మధ్యలో ఎడమ చేత్తో అప్ నొక్కి మెల్లగా తెరుస్తా. గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకే మోత, టచ్ లేదు, కాబట్టి వాల్యూము పెడల్ ఉండాల్సిందే. జాయ్‌స్టిక్ మాత్రం బంగారం. పక్కలకు కదిపితే స్వరం వంగుతుంది, పైకి తోస్తే వైబ్రాటో, కిందికి లాగితే ఫిల్టరు ఊగుతుంది. గమకాల దగ్గర మీకే తెలుస్తుంది.

ఒక్కటి మరచిపోకండి. ఇందులో మెమరీని నిలబెట్టేది కూడా ఆ ఆరు సెల్సే. టార్చిలో వేసే పెద్దవి కాదు, వాటికంటే ఒక సైజు చిన్నవి, సి సైజు. ఎలాగూ అడాప్టరు ఉంది కదా అని సెల్స్ లేకుండా ఓ పెళ్ళికి వెళ్ళాను, తాళి కట్టే టైముకి ఎవరిదో కాలు తగిలి వైరు ఊడింది, మళ్ళీ పెట్టేసరికి నా సౌండ్లు ఒక్కటీ లేవు. అప్పటినుంచి సెల్స్ తీయకుండానే అడాప్టరు వాడుతున్నా. టేప్ సాకెట్ నుంచి సౌండ్లన్నీ ల్యాప్‌టాప్‌లోకి రికార్డు చేసి పెట్టుకుంటున్నా, కీచుమని చెవులు గీరే శబ్దం వస్తుంది, అదే మీ బ్యాకప్.

బావగారిని డబ్బులిచ్చే ముందు సెల్స్ పెట్టె మూత తీసి చూడమనండి. లోపల పచ్చగా తుప్పు పట్టి ఉంటే బేరం తగ్గించాలి, బోర్డు దాకా కారి ఉంటే వదిలేయాలి.