లాకీషు: గెలిచిన రాజే గోడ మీద చెక్కించుకున్న ముట్టడి

పాత నిబంధనలో శత్రువుల వశమైనట్టు చెప్పిన పట్టణాలు నిజంగా ఉన్నాయా, అవి పడిపోయిన సంగతికి బైబిలు బయట ఆధారమేదైనా ఉందా అని మీరు అడిగారు. అన్నిటికీ కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు. యెహోషువ నాయకత్వంలో ఇశ్రాయేలీయులు పట్టుకున్నారని బైబిలు చెప్పే పట్టణాల్లో యెరికోను 1950లలో తవ్విన కాథ్లీన్ కెన్యన్, అక్కడ కూలిన గోడలు యెహోషువ కాలానికి చాలా ముందువని తేల్చారు. హాయి పట్టణమని ఎక్కువమంది గుర్తించే దిబ్బ మీద ఆ రోజుల్లో ఊరే లేదు. హాసోరు క్రీ.పూ. 13వ శతాబ్దంలో తగలబడిన మాట వాస్తవమే గానీ, తగలబెట్టింది ఎవరన్న వాదం ఇంకా తెగలేదు. యూదా రాజ్యంలోని ప్రాకారపు పట్టణమైన లాకీషు సంగతి వేరు. దాన్ని నేను కళ్లారా చూశాను కనుక దాని గురించే వివరంగా రాస్తాను.

రాజుల రెండవ గ్రంథం 18, 19 అధ్యాయాలను మా సంఘంలో ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ప్రసంగీకులంతా లాకీషు పేరున్న వచనాన్ని గబగబా చదివేసి, యెరూషలేము గోడ ముందు అష్షూరు రాజు దూత రబ్షాకే వేసిన కేకల దగ్గరికీ, ఒక్క రాత్రిలో చచ్చిన లక్షా ఎనభై ఐదు వేల మంది అష్షూరు సైనికుల దగ్గరికీ వెళ్లిపోయేవారు. వారిని తప్పు పట్టలేము, ఎందుకంటే ఆ గ్రంథం కూడా యూదా రాజు హిజ్కియా లాకీషులో ఉన్న అష్షూరు రాజుకు కబురు పంపాడని చెబుతుందే తప్ప, ఆ పట్టణం ఎలా పడిపోయిందో ఒక్క ముక్క చెప్పదు.

చెప్పని ఆ భాగం లండన్‌లో ఉంది. ఉద్యోగం పని మీద వెళ్లినప్పుడు ఒక సాయంత్రం బ్రిటిష్ మ్యూజియంలో, అష్షూరు రాజధాని నీనెవెలోని సన్హెరీబు రాజు భవనం నుంచి 19వ శతాబ్దంలో లేయార్డ్ వెలికితీయించిన రాతి పలకల ముందు నిలబడ్డాను. క్రీ.పూ. 701 నాటి ముట్టడి అంతా ఆ గోడ పొడవునా సాగుతుంది. గోడలను కుమ్మే యంత్రం మీదికి పట్టణంవాళ్లు మండే కాగడాలు విసురుతుంటే, అది అంటుకోకుండా ఒక అష్షూరు సైనికుడు పొడవాటి గరిటెతో నీళ్లు పోస్తుంటాడు. కుడివైపుకు జరిగే కొద్దీ చెరపట్టబడినవాళ్లు కనబడతారు: తల మీది నుంచి పాదాల దాకా జారిన ముసుగులతో స్త్రీలు, సామాను వేసుకున్న ఎడ్లబండ్లు, పిల్లలు. మగవాళ్లలో కొందరిని కొరత వేశారు, కొందరి చర్మం ఒలుస్తున్నారు. సింహాసనం మీద కూర్చున్న రాజు పక్కన, లాకీషు దోపుడు సొమ్ము తన ఎదుట నడిచిపోయిందని చెప్పే శాసనం ఉంది.

ఆ తరువాత ఇశ్రాయేలు యాత్రకు వెళ్లినప్పుడు మా బృందం కార్యక్రమంలో లాకీషు లేదు. (తెలుగు యాత్రికుల బస్సులు బేత్లెహేము, గలిలయ సముద్రం దాటి ఇటువైపు రావడం అరుదు.) విడిగా టాక్సీ మాట్లాడుకుని వెళ్లాను. యెరూషలేముకు నైరుతి దిశలో సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ద్రాక్షతోటల మధ్య ఉన్న ఎత్తైన దిబ్బ అది. "ముట్టడి దిబ్బ" అన్న మాట చదివినప్పుడల్లా నేను పొలం గట్టులాంటి మట్టి పోగునే ఊహించుకునేవాణ్ని. అక్కడ నైరుతి మూలన ఉన్నది మట్టి కాదు, వేల టన్నుల రాళ్లు. యంత్రాలు పైకి ఎక్కేందుకు అష్షూరు సైన్యం ఆ రాళ్లను కొండవాలు మీద పోసి, పైపొరను గట్టి గచ్చుతో అతికింది. 1970లలో తవ్వకాలు మొదలుపెట్టిన డేవిడ్ ఉస్సిష్కిన్ బృందానికి అక్కడే వందలాది ఇనుప బాణపు ములుకులూ, వడిసెల రాళ్లూ దొరికాయి. పట్టణం లోపలివైపున కూడా, గోడ కూలితే అడ్డు నిలవాలని యూదావాళ్లు హడావుడిగా పోసుకున్న ఎదురు దిబ్బ బయటపడింది. నన్ను ఎక్కువగా కదిలించింది ఆ ఎదురు దిబ్బే, ఎందుకంటే దాన్ని గురించి అటు గ్రంథమూ చెప్పలేదు, ఇటు శిల్పమూ చూపలేదు.

బైబిలు, సన్హెరీబు చెక్కించి రాయించుకున్నవి, తవ్వకాల్లో దొరికినవి - ఈ మూడు సాక్ష్యాలూ ఒకదానికొకటి నకళ్లు కావని గమనించండి. సన్హెరీబు తన చరిత్ర శాసనంలో 46 ప్రాకారపు పట్టణాలను పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా యెరూషలేములో బంధించానని రాయించుకున్నాడు గానీ, యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనలేదు. హిజ్కియా చెల్లించిన కప్పంలో బంగారం లెక్క బైబిల్లోనూ శాసనంలోనూ 30 తలాంతులే (తలాంతు అప్పటి ఒక తూకం). వెండి మాత్రం హీబ్రూ గ్రంథంలో 300, సన్హెరీబు శాసనంలో 800. రాజధాని చిక్కలేదు కాబట్టే భవనంలో ఒక గదికి గదే లాకీషుకు కేటాయించాడని కొందరు పండితులు అంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది.

మీరు ఎప్పుడైనా లండన్ వెళితే ఆ సింహాసనం ఉన్న పలకను దగ్గరగా చూడండి. రాజు బట్టల అంచులు, పీఠం మీది చెక్కడాలు చెక్కుచెదరలేదు. ముఖాన్ని మాత్రం ఎవరో పనిగట్టుకుని చెక్కి పాడుచేశారు. క్రీ.పూ. 612లో బబులోనువాళ్లూ మాదీయులూ నీనెవెను పట్టుకున్నప్పుడు జరిగిన పని అయి ఉంటుందని అనుకుంటారు.