ఐర్లాండ్ పల్లెల్లో పవిత్ర బావులు, పాత సమాధి పలకలు: ఎలా వెతకాలి, ఎలా చదవాలి?

మ్యాప్‌లో ఉన్న బావి అక్కడ కనబడలేదని, పాత చర్చి దగ్గరి పలక మీద అక్షరాలు తెలియడం లేదని అడిగారు.

బావి అనగానే మన గిలక బావి గుర్తొస్తే దాని పక్కనుంచే నడిచి వెళ్లిపోతారు. అక్కడివి ఎక్కువగా రాళ్లు పేర్చిన ఊట చెలమలు. పొలాల్లో మురుగు కాల్వలు తవ్వాక చాలావాటికి నీరు ఆగిపోయింది. ఒక ముళ్లచెట్టు, కొమ్మలకు కట్టిన గుడ్డపీలికలు, నేలలో చిన్న గుంట, అంతే మిగులుతాయి. ఐర్లాండ్ ప్రభుత్వ పురాతన కట్టడాల విభాగమైన నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ ఆన్‌లైన్ మ్యాప్‌లో బావిని చూపే చుక్కను 1830-40ల నాటి ఆరంగుళాల (మైలుకు ఆరంగుళాల కొలతతో గీసిన) ఆర్డినెన్స్ సర్వే మ్యాప్‌తో, అంటే పాత ప్రభుత్వ సర్వే పటంతో, పోల్చి చూసుకుని వెళ్లండి. ఫిబ్రవరి, మార్చి నెలలు మేలు. వేసవిలో దురదగొండి మొక్కలు నడుమెత్తు పెరిగి అన్నీ కప్పేస్తాయి. పొలం రైతుదైతే ముందు అడగాల్సిందే. పురాతన కట్టడం ఉన్నంత మాత్రాన లోపలికి వెళ్లే హక్కు రాదు.

ఇక పలక. మిట్టమధ్యాహ్నం ఎంతసేపు చూసినా లాభం లేదండి, అరిగిన గీతకు నీడ పడదు. పొద్దు వాలాక వెళ్లండి, లేదా గొడుగు అడ్డం పెట్టి టార్చ్ వాడండి. కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చ్‌ను రాతికి దాదాపు సమాంతరంగా, 10-15 డిగ్రీల్లో, నాలుగు వైపుల నుంచీ వేసి విడివిడిగా ఫొటోలు తీయండి. వెలుగు వచ్చే దిశలోనే సాగే గీత మాయమవుతుంది. అడ్డంగా వేస్తేనే పైకి తేలుతుంది. ఒకే వైపు నుంచి తీసిన ఫొటోతో సిలువ అడ్డచేయి లేదనుకునేవాళ్లు ఎందరో!

రాతిపాచి గీకకండి. అది రాయిలోకి పాతుకుని ఉంటుంది, దానితో పాటే చెక్కడం పైపొర కూడా ఊడుతుంది. వైరు బ్రష్, సుద్దముక్క, పిండి, ఏవీ వద్దు. అంచు మట్టిలో ఉన్నా తవ్వకండి. రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం నేరం.

కన్ను కుదరాలంటే ముందు ఆఫలీ కౌంటీలోని క్లాన్‌మాక్‌నోయిస్ చూడండి. షానన్ నది ఒడ్డున 6వ శతాబ్దంలో సెయింట్ కీరాన్ స్థాపించిన మఠం. 600కు పైగా పలకలున్నాయి. ముందు సిలువ పట్టుకోండి, తర్వాత దాని పక్కన ‘ఓర్ డో’ కోసం వెతకండి. ‘ఫలానావారి కోసం ప్రార్థన’ అని అర్థం, వెంటనే పేరు వస్తుంది. పలకల మీది పాత ఐరిష్ లిపిలో ఆర్ (r) అక్షరం ఎన్ (n)లా ఉంటుంది, పేర్లు తప్పు చదివేది ఎక్కువగా అక్కడే.

ఎక్కడా నమోదు కాని చెక్కడం కనబడితే ఫొటోలతో నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్‌కే రాయండి. లొకేషన్ మాత్రం బయట పెట్టకండి, చిన్న పలకలను ఎత్తుకుపోవడం తేలిక.