రష్యాలో వోచర్లు అందరికీ ఇచ్చారు, మరి ఫ్యాక్టరీలు కొందరికే ఎందుకు దక్కాయి?

ప్రశ్న: "1992లో రష్యా ప్రభుత్వం ప్రతి పౌరుడికీ వోచర్ ఇచ్చి, సర్కారు కంపెనీల్లో వాటా తీసుకోమంది కదా. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి పెద్ద కంపెనీలన్నీ కొద్దిమంది చేతుల్లోకి ఎలా వెళ్లాయి?"

మామూలుగా వినపడే జవాబు ఒకటే: జనం అమాయకంగా వోచర్ని వోడ్కా సీసాకి అమ్మేసుకున్నారని. అమ్ముకున్న మాట నిజమే. కానీ అసలు ఆట అక్కడ జరగలేదు. వాటాదారుల పేర్లు రాసుకునే పుస్తకం ఎవరి బీరువాలో ఉందో, ఆట అక్కడ జరిగింది. నన్నడిగితే ధర, వోచర్ అన్నీ దాని తర్వాతే.

1992 అక్టోబర్ 1 నుంచి స్బేర్‌బ్యాంక్ శాఖల్లో వోచర్లు పంచారు. 25 రూబుళ్లు కడితే మనిషికొకటి, పసిపిల్లలకి కూడా. మీద 10,000 రూబుళ్లని అచ్చేశారు గానీ ఎవరి పేరూ ఉండదు. చేతిలో ఉన్నవాడిదే వోచర్. రెండు వోల్గా కార్ల విలువ చేస్తుందని ప్రైవేటీకరణ బాధ్యత చూసుకున్న మంత్రి అనతోలీ చుబైస్ ఊరించాడు. ఆ ఏడాది ధరలు పాతిక రెట్లకు పైగా పెరిగాయి, అచ్చేసిన అంకె మాత్రం అక్కడే ఉండిపోయింది.

వోచర్ వేలానికి రాకముందే కంపెనీలో సగం పోయేది. ఉద్యోగులకి మూడు పద్ధతులిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఎక్కువమంది ఎంచుకున్నది రెండోది: ఓటుహక్కున్న షేర్లలో 51 శాతం, పుస్తక విలువకి (కంపెనీ ఖాతాల్లో రాసిన ఆస్తి విలువకి) 1.7 రెట్లు కట్టి, ఉద్యోగులూ మేనేజర్లూ కలిసి కొనుక్కోవడం. ఆ పుస్తక విలువ ద్రవ్యోల్బణం లెక్కలోకి తీసుకోని పాత విలువ, కాబట్టి దాదాపు ఊరికే వచ్చినట్టు. ప్రభుత్వం కొంత అట్టిపెట్టుకుని, సాధారణంగా 29 శాతం వోచర్ వేలానికి పెట్టేది. అక్కడ దరఖాస్తులు రెండు రకాలు. "ఎన్ని షేర్లొస్తే అన్ని తీసుకుంటా" అనేది ఒకటి. "వోచర్‌కి ఇన్నయినా రాకపోతే నా వోచర్ నాకిచ్చేయండి" అనేది రెండోది. పెట్టిన షేర్లని వచ్చిన వోచర్లతో భాగిస్తే అదే ధర. పదివేల షేర్లకి ఐదువేల వోచర్లొస్తే వోచర్‌కి రెండు. వేలం సంగతి ఊళ్లో పెద్దగా తెలియనివ్వకపోతే వోచర్లు తక్కువొస్తాయి, తెలిసినవాళ్లకి కుప్పలుగా షేర్లొస్తాయి. చాలాచోట్ల ఆ తెలిసినవాళ్లు డైరెక్టర్ మనుషులే.

ఇక పుస్తకం. ఈ షేర్లకి కాగితం సర్టిఫికెట్ లేదు. కంపెనీ రిజిస్టర్‌లో పేరుంటేనే వాటాదారు. మన పల్లెల్లో కరణం దస్త్రం గుర్తు తెచ్చుకోండి. పొలం ఎవరు దున్నుతున్నా అడంగల్‌లో పేరెవరిదన్నదే తేలాలి. 1984లో ఎన్టీఆర్ కరణాల వ్యవస్థ తీసేసేదాకా ఆ దస్త్రం బలమేంటో ఊళ్లో అందరికీ తెలుసు. రష్యాలో ఫ్యాక్టరీ డైరెక్టరే కరణం, తగాదాలో ఒక పక్షమూ ఆయనే.

1994లో మాస్కో బ్రోకర్ ఒకడు సైబీరియాలో ఒక ఫ్యాక్టరీ షేర్లు కొనాలనుకున్నాడనుకోండి. గేటు దగ్గర షిఫ్టు దిగే కార్మికుల చేతిలో నగదు పెట్టి, బదిలీ పత్రం మీద సంతకం పెట్టించుకుంటాడు. అక్కడికి కొన్నట్టు కాదు. ఆ పత్రాలు పట్టుకుని కంపెనీ ఆఫీసుకే వెళ్లాలి. "సంతకం కలవలేదు", "రిజిస్టర్ చూసే ఆమె సెలవులో ఉంది", "ఫీజు పెరిగింది". బయటివాళ్లకి అమ్మితే ఉద్యోగం ఉండదని కార్మికుణ్ణి ఈలోగా బెదిరిస్తారు. ఎలాగో పేరెక్కించుకుని రిజిస్టర్ నకలు చేతికొచ్చినా ధీమా లేదు. వాటాదారుల సమావేశానికి జాబితా ఖరారు చేసే రోజున పేరు ఉండకపోవచ్చు. 1994లోనే క్రస్నోయార్స్క్ అల్యూమినియం కర్మాగారంలో లండన్ లోహ వ్యాపార సంస్థ ట్రాన్స్‌వరల్డ్ వాళ్ల 20 శాతం వాటాని రిజిస్టర్‌లోంచి కొట్టిపారేశారు. అంత పెద్ద వాటాకే దిక్కులేదు.

పేరు కొట్టేయడం మొరటు పని. నాజూకు పనులూ ఉన్నాయి. కొత్త షేర్లు అచ్చేసి, చట్టం పట్టుకోలేని బినామీ కంపెనీలకిస్తే బయటివాడి 30 శాతం 10 అవుతుంది. ఇంకోటి బోర్డు సైజు. ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి గుప్పించే పద్ధతిలో తొమ్మిది మంది బోర్డుంటే, 10 శాతానికి కాస్త పైన ఉన్నవాడు ఒక సీటు గెలుస్తాడు. బోర్డుని ఐదుకి కుదిస్తే 16.7 శాతం దాటాలి. ఒక్క షేరూ తాకకుండానే మనిషి బయటికెళ్లిపోతాడు.

చట్టం లేక కాదు. వెయ్యిమందికి పైగా వాటాదారులున్న కంపెనీ రిజిస్టర్‌ని బయటి సంస్థకి అప్పగించాలని 1993 అక్టోబర్‌లోనే అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చింది. డైరెక్టర్లేం చేశారు? పక్క గదిలో "స్వతంత్ర" రిజిస్ట్రార్ కంపెనీ పెట్టి, పుస్తకాన్ని ఆ గదిలోకి మార్చారు.

ఇంకో చిరాకు. చమురు, నికెల్ సామ్రాజ్యాల్ని వోచర్లతో కొన్నారని టీవీ చర్చల్లో తేలిగ్గా అనేస్తారు. అది వేరే కథ, 1995 నవంబర్, డిసెంబర్‌లది. బడ్జెట్‌కి డబ్బుల్లేక ప్రభుత్వం పెద్ద కంపెనీల వాటాలు బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి అప్పు తీసుకుంది. ఎవరి దగ్గర తాకట్టు పెట్టాలో వేలంలో తేల్చారు. ఆ ఆలోచన తెచ్చింది ఒనెక్సిమ్ బ్యాంక్ అధిపతి వ్లదిమిర్ పొతానిన్. అప్పు తీర్చకపోతే వాటాని బ్యాంకే అమ్ముకోవచ్చు. ఖజానా తీర్చదని ముందే అందరికీ తెలుసు.

మన కాంట్రాక్టర్లు రింగయ్యే టెండర్లు చూసినవాళ్లకి ఈ వేలాలు కొత్తగా అనిపించవు. నోరిల్‌స్క్ నికెల్‌లో 38 శాతానికి మొదటి ధర 17 కోట్ల డాలర్లు. వేలం నడిపింది ఒనెక్సిమే, 17.01 కోట్లకి పాడుకున్నదీ ఒనెక్సిమే. 35.5 కోట్లు ఇస్తామని వచ్చిన పాటని, హామీ ఇచ్చిన బ్యాంకు మూలధనం సరిపోదని పక్కన పడేశారు. చమురు కంపెనీ యూకోస్‌లో 45 శాతం 15.9 కోట్లకి లగూనా అనే ఊరూ పేరూ లేని కంపెనీకి వెళ్లింది. దాని వెనకున్న మెనాటెప్ బ్యాంకే ఆ వేలానికి దరఖాస్తులు తీసుకుంది. సుర్గుత్ నెఫ్తెగాజ్ వేలమైతే సైబీరియాలోని సుర్గుత్ ఊళ్లోనే పెట్టి, ఆ రోజు విమానాశ్రయం మూసేశారు. బయటివాళ్లు దిగలేదు. 40 శాతం వాటాని కంపెనీ సొంత పెన్షన్ ఫండే పాడుకుంది. ఇంకో చమురు కంపెనీ సిబ్‌నెఫ్ట్‌లో 51 శాతం 10.03 కోట్ల డాలర్లకి పోయింది. పదేళ్ల తర్వాత, 2005లో, అదే కంపెనీలో సుమారు 73 శాతాన్ని సర్కారు గ్యాస్ కంపెనీ గాజ్‌ప్రోమ్ 1,310 కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

"చెక్ దేశంలో రిజిస్టర్ సరిగ్గానే ఉందిగా, అక్కడా మోసాలు జరిగాయిగా" అని అడగొచ్చు. నిజమే. అక్కడ వోచర్ బదులు, 1,035 కొరూనాలు (వాళ్ల డబ్బు) కడితే షేర్లు తీసుకోవడానికి వెయ్యి పాయింట్ల పుస్తకం ఇచ్చారు. ఏడాదీ ఒక రోజులో పదింతలు ఇస్తానని విక్తర్ కోజెనీ తన హార్వర్డ్ ఫండ్లలోకి ఆ పాయింట్లు లాగాడు. మొదటి విడత పాయింట్లలో 70 శాతం పైగా ఇలాంటి ఫండ్ల చేతికే వెళ్లాయి. 1993 నుంచి కేంద్ర రిజిస్టర్ ఉంది కాబట్టి పేరెవరూ కొట్టేయలేదు. కానీ ఫండ్ మేనేజర్ ఫండ్ ఆస్తుల్ని తన సొంత కంపెనీకి కారుచవకగా అమ్మేసుకుంటే అడిగే షేర్ మార్కెట్ కమిషన్ 1998 దాకా లేదు. రిజిస్టర్‌ని దొంగ ముట్టుకోలేదు, ఇంటి కిందనుంచి సొరంగం తవ్వాడు. చెక్ వాళ్లు దానికి పెట్టిన పేరే సొరంగం తవ్వడం. కోజెనీ బహామాస్‌కి వెళ్లిపోయాడు. 2010లో ప్రాగ్ కోర్టు అతను లేకుండానే శిక్ష వేసింది.

పోలండ్ వరస తిప్పింది. 1991 మార్చిలో ముందు సెక్యూరిటీల (షేర్లలాంటి వాటి) చట్టం, దాన్ని చూసుకునే కమిషన్. ఏప్రిల్ 16న వార్సాలో పాత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యాలయ భవనంలోనే స్టాక్ ఎక్స్చేంజ్. మొదటి రోజునుంచీ కాగితం లేని షేర్లు, లెక్కంతా ఒకే కేంద్ర డిపాజిటరీలో, అంటే ఎవరి షేర్లెన్నో రాసుకునే సంస్థలో. మన దగ్గర అలాంటి డిపాజిటరీ ఎన్‌ఎస్‌డీఎల్ 1996లో వచ్చింది. ఆ రోజు వార్సాలో అమ్మకానికున్నవి ఐదే కంపెనీలు, వారానికి ఒక్కసారే వ్యాపారం. ఉమ్మడిగా వాటాలు పంచే పథకాన్ని వాళ్లు 1995 దాకా మొదలుపెట్టలేదు. అదీ 512 కంపెనీలకే, 15 ఫండ్ల కింద పెట్టి. రష్యా అప్పటికి వోచర్లు ముగించి, తాకట్టు వేలాలకి వచ్చేసింది. అన్ని కంపెనీలకీ కలిపి ఒక కేంద్ర డిపాజిటరీ హోదా అక్కడ ఒక సంస్థకి దక్కింది 2012 నవంబర్‌లో.