బెజవాడలో అగమ్ కచేరీ, పక్కన శైలు

"ఇష్టమైన బ్యాండ్ కచేరీ కోసం స్నేహితులతో గడిపిన సెలవుల్లో మీకు బాగా గుర్తుండిపోయినవి ఏవి? అంత తిరుగుడుకీ ఖర్చుకీ అది తగినదేనా?" అని ఒకరు అడిగారు.

నాకైతే వెంటనే గుర్తొచ్చేది రిపబ్లిక్ డే శుక్రవారం పడిన ఏడాది. వరుసగా సెలవులు. విజయవాడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు వార్షికోత్సవానికి అగమ్ బ్యాండ్‌ని పిలిచారు. హైదరాబాద్‌లో, బెంగళూరులో ఇంతకంటే పెద్ద స్టేజీలు, మంచి లైట్లు ఉన్న కచేరీలు చూశాను. వాటిలో చాలా మటుకు ఇప్పుడు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఇది మాత్రం పాట పాటగా గుర్తుంది. మా ఊళ్లో జరగడం, పక్కన నా స్నేహితురాలు శైలు ఉండడం, మర్నాడు ఎక్కడికీ పరిగెత్తే పని లేకపోవడం, ఈ మూడూ కలిసొచ్చాయి మరి.

అగమ్ గురించి తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 2003లో బెంగళూరులో మొదలైన బ్యాండ్. హరీశ్ శివరామకృష్ణన్ పాడతాడు, వయొలిన్ కూడా వాయిస్తాడు. చాలాకాలం ఉద్యోగాలు చేసుకుంటూనే పాటలు కట్టారు. కర్ణాటక సంగీతాన్ని రాక్ గిటార్లతో, డ్రమ్స్‌తో కలుపుతారు. 2012లో మొదటి ఆల్బమ్, 2017లో రెండోది వచ్చాయి. స్వాతి తిరునాళ్ మహారాజు కట్టిన ధనాశ్రీ తిల్లానా, ముత్తుస్వామి దీక్షితుల కీర్తన 'రంగపుర విహార' వీళ్ల చేతిలో కొత్తగా వినిపిస్తాయి. మాకు ప్రాణం మాత్రం రెండో ఆల్బమ్‌లో ఉన్న త్యాగరాజ కీర్తన 'మనవ్యాలకించరాదటే'.

శైలుది గుంటూరు, బ్రాడీపేట. మేమిద్దరం కలిసి చదువుకున్నాం. గుంటూరు–విజయవాడ బస్సులో ఒకే ఇయర్‌ఫోన్లు చెరొక చెవిలో పెట్టుకుని వినేవాళ్లం. తేడా ఏమిటంటే, నేను ఊరికే వినేదాన్ని, అది లోపలికెళ్లి వినేది. చిన్నప్పుడు కొన్నేళ్లు సంగీతం నేర్చుకుంది. కీర్తనల దాకా వచ్చాక ఇంటర్లో చేరింది. ఎంసెట్ కోచింగ్, స్టడీ అవర్స్, ఆదివారం కూడా పరీక్షలు. మా వైపు పిల్లల్లో ఎంతమందికి పాట, ఆట, బొమ్మలు అక్కడే ఆగిపోయాయో! ఎవరూ మానేయమని అనరు. టైమ్ ఉండదంతే. ఆ తర్వాత ఉద్యోగానికి బెంగళూరు వెళ్లింది. పాడమంటే "ఇప్పుడేం పాడతాలే" అని మాట మార్చేసేది. నాకది బాధగా ఉండేది గానీ ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

కచేరీ సంగతి చెప్పగానే రాత్రి రైలెక్కేసింది. బయటివాళ్లకి పాసులు తక్కువ ఇస్తున్నారు. ఆ కాలేజీలోనే చదువుతున్న మా పిన్నిగారబ్బాయి ఎలాగో రెండు సంపాదించి పెట్టాడు. శుక్రవారం పొద్దున స్టేషన్ నుంచి నేరుగా గాంధీనగర్ వెళ్లి బాబాయ్ హోటల్లో వెన్న, కారప్పొడి వేసిన ఇడ్లీ తిన్నాం. ఆ తర్వాత లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు, బీసెంట్ రోడ్డు, సాయంత్రం ఇంట్లో కబుర్లు. ఆ రోజు గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. హాయిగా గడిచింది.

శనివారం సాయంత్రం మా బాబాయి కారులో దింపాడు. "అయిపోగానే ఫోన్ చెయ్యండమ్మా, ఎంత రాత్రైనా వస్తాను, మీరు మాత్రం ఆటోలెక్కకండి" అని మరీ మరీ చెప్పి మంగళగిరిలో బంధువులింటికి వెళ్లాడు. ఆడపిల్లలు ఇద్దరు రాత్రి కచేరీకి వెళ్లాలంటే మా ఊళ్లో తిరుగు ప్రయాణమే పెద్ద టెన్షన్. అది తీరిపోతే పాట మీద మనసు నిలుస్తుంది. బాబాయికి ఆ విషయంలో ఎప్పటికీ రుణపడి ఉంటాను.

మొదలవడం చాలా ఆలస్యమైంది. ముందు డాన్సులు, సన్మానాలు, ఉపన్యాసాలు. బ్యాండ్ వచ్చేసరికి జనం ఊగిపోతున్నారు, కానీ వాళ్లకి కావలసింది వేరు. మొదటి పాట అవగానే వెనక నుంచి సినిమా పాటలు వాయించమని కేకలు. సౌండ్ కూడా సరిగ్గా లేదు. బాస్ ఛాతీలో గుద్దుతోంది గానీ వయొలిన్ వినపడడం లేదు. శైలు చెవులు మూసుకుని నా వైపు చూసింది. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చింది ఇందుకా అని నాకు గుండె జారిపోయింది.

రెండు పాటల తర్వాత మిక్సింగ్ దగ్గర ఉన్నతను ఏం సర్దాడో, గొంతు ముందుకొచ్చింది, వయొలిన్ విడిగా తేలింది. ఇంకోవైపు సినిమా పాటలు అడిగినవాళ్లలో చాలామంది విసిగిపోయి తిండి స్టాళ్ల వైపు వెళ్లిపోయారు. మైదానం సగం ఖాళీ అయింది. కేకలు వేసిన పిల్లల మీద నాకు కోపమేమీ లేదు. వాళ్ల కాలేజీ, వాళ్ల పండగ. కానీ వాళ్లు వెళ్లడం వల్ల మేం స్టేజీ ముందు కట్టిన బారికేడ్ దాకా వెళ్లగలిగాం. మిగిలినవాళ్లంతా అలాగే ముందుకి జరిగారు. చొక్కాల మీద వాలంటీర్ బ్యాడ్జీలున్న కుర్రాళ్లు, ఒకావిడ, ఆవిడ పక్కన పదేళ్ల కూతురు, ఎవరో లెక్చరర్లు. బ్యాండ్ వాళ్లు కూడా అది గమనించినట్టున్నారు. వాయించే తీరే మారింది.

అప్పుడు 'మనవ్యాలకించరాదటే' మొదలుపెట్టారు.

ఇది నళినకాంతి రాగం. స్వరాలు పైకి ఎక్కేటప్పుడు స తర్వాత రి రాదు. ముందు గాంధారం (గ) తాకి, వెనక్కి రిషభానికి (రి) వచ్చి, అక్కడి నుంచి మధ్యమానికి (మ) వెళుతుంది. స గ రి మ ప ని స. ఆ చిన్న మెలికలోనే రాగం అందమంతా ఉంది. ఎలక్ట్రిక్ గిటార్ మీద అదే మెలిక, గొంతు వెనకే వస్తుంటే శైలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకో విషయం కూడా శైలే నా చెవిలో అరిచి చెప్పింది. ఈ కీర్తన తాళం మొదటి దెబ్బ మీద మొదలవదు, ఒకటిన్నర దెబ్బ గడిచాక ఎత్తుకుంటారు. త్యాగరాజు చాలా కీర్తనలకి వాడిన ఎత్తుగడే, దేశాది అంటారు. డ్రమ్ మొదటి దెబ్బని బలంగా కొట్టి వదిలేస్తుంది, ఆ ఖాళీలో మనం ఊపిరి బిగబట్టి ఉంటాం, అప్పుడు 'మనవ్యా' అని గొంతు దూకుతుంది. ప్రతి ఆవృతానికీ, అంటే తాళం మళ్లీ మొదలైన ప్రతిసారీ, అదే. నేను వందసార్లు విన్న పాటలో ఈ సంగతి నాకు ఆ రాత్రి దాకా తెలియదు. తెలిశాక ఒళ్లు తాళంతో కదలడం మొదలైంది.

సరిగమలతో పాడే స్వరాల దగ్గర ఇంకా బాగుంది. హరీశ్ ఒక వరుస పాడితే గిటార్ జవాబు చెబుతుంది, ఒక్కోసారి వరుస కురచవుతూ కురచవుతూ వచ్చి చివరికి అందరూ ఒకే దెబ్బ మీద వాలుతారు. పక్కన చూస్తే శైలు చేతి మీద తాళం వేస్తోంది, పెదాలు కదులుతున్నాయి. అంత చప్పుడులో వినపడలేదు గానీ పాడుతోంది. అన్నేళ్ల తర్వాత అది పాడడం చూడడం... ఆ పాట తర్వాత వాళ్లు ఇంకా చాలాసేపు వాయించారు, నిజం చెప్పాలంటే నాకు మిగతావి అంత బాగా గుర్తు లేవు.

ఆదివారం పొద్దున భవానీ ద్వీపం వెళదామనుకున్నాం. పడవల దగ్గర సెలవుల జనం చూసి, ప్రకాశం బ్యారేజీ మీదుగా స్కూటీ మీద ఉండవల్లి వెళ్లిపోయాం. నాలుగు అంతస్తుల గుహ, లోపల పడుకున్న పెద్ద అనంతశయన విష్ణువు. పైనుంచి చూస్తే చుట్టూ పచ్చటి పొలాలు. అక్కడ కూర్చుని ఇద్దరం పెద్ద వాదన పెట్టుకున్నాం. త్యాగరాజ కీర్తనకి డ్రమ్స్ పెట్టొచ్చా? నేను పెట్టొచ్చనేదాన్ని. శైలుకి బ్యాండ్ నాకంటే ఎక్కువ ఇష్టం, అయినా ఒప్పుకోలేదు. "మృదంగం పాట వెంట నడుస్తుందే, సాహిత్యం ఎక్కడ ఆగితే అక్కడ తగ్గుతుంది. డ్రమ్స్ దారి వేసేస్తాయి, పాట ఆ దారినే పోవాలి. చరణం దగ్గర నాకు ఊపిరాడలేదు" అంది. ఈ మాట నాకు అప్పుడు నచ్చలేదు. తర్వాత రికార్డింగు చాలాసార్లు విన్నాను. చరణం విషయంలో దాని మాటే నిజం, స్వరాల విషయంలో నాది నిజం. ఇంతటి వాదన రాత్రి బస్సులో నిద్ర కళ్లతో తిరిగి వచ్చే కచేరీలో ఎలా కుదురుతుంది?

మధ్యాహ్నం సత్యనారాయణపురంలో మా అమ్మమ్మ ఇంట్లో భోజనం. పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. మా అమ్మమ్మ పాట నేర్చుకోలేదు. కానీ విజయవాడ రేడియో వింటూనే పెరిగింది. 1948లో మొదలైన కేంద్రం అది. పొద్దున్నే భక్తిరంజని వినకుండా వంటింట్లోకి అడుగుపెట్టేది కాదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు ఈ ఊళ్లోనే పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర నేర్చుకుని, చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే కచేరీ చేసి, తర్వాత ఇక్కడి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయ్యారు. పారుపల్లి వారి గురుపరంపర వెనక్కి వెళితే త్యాగరాజు శిష్యుల దాకా చేరుతుంది. ఆ కళాశాలకి ఇప్పుడు ఘంటసాల గారి పేరు. మా అమ్మమ్మ ఇంటికి దగ్గరే, దుర్గాపురంలో ఉంది. ఇవన్నీ నేను పుట్టినప్పటి నుంచీ వింటున్న కబుర్లే. ఆ రోజు శైలు కూర్చుని ఒక్కొక్కటీ అడిగి చెప్పించుకుంటుంటే కొత్తగా విన్నట్టు విన్నాను.

ఫోన్లో తీసుకున్న రికార్డింగు పెట్టాం. అమ్మమ్మ పల్లవి దాకా ఊరుకుంది. గిటార్లు అందుకోగానే "ఆపండమ్మా, తలనొప్పి" అంది. శైలు ఫోన్ ఆపేసింది. కాసేపాగి ఆవిడే, "అబ్బాయి గొంతు బాగుంది. చరణం కూడా పాడాడా, అక్కడికే సరిపెట్టాడా?" అని అడిగింది. పాడాడని చెప్పింది శైలు.

"ఏదీ, ఎలా పాడాడో నువ్వు పాడి వినిపించు."

నేను అడిగి ఉంటే మాట మార్చేసేదే. పెద్దావిడ అడిగితే ఎలా తప్పించుకుంటుంది? "అమ్మమ్మగారూ, గొంతు పోయిందండీ, ఎప్పుడో మానేశాను" అంది. "పోతే పోనీవమ్మా, ఉన్నంతవరకే పాడు" అంది అమ్మమ్మ. శైలు కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. గొంతు వణికింది. పై షడ్జమం (పై స) అందలేదు. చరణంలో ఒకచోట మాటలు మర్చిపోతే అమ్మమ్మ అందించింది. తాళం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు. ఒకటిన్నర దెబ్బ దగ్గర ఖచ్చితంగా ఎత్తుకుంటోంది. అయ్యాక అమ్మమ్మ పొగడలేదు. "ఇంకోసారి, ఈసారి నిదానంగా" అంది. అలా సాయంత్రం కాఫీల దాకా అదే కీర్తన. నేను గోడకి ఆనుకుని విన్నాను. ఆ సెలవుల్లో నేను విన్న గొప్ప కచేరీ ఏదంటే, బ్యాండ్ మీద ఎంత ప్రేమ ఉన్నా, ఇదే అంటాను.

రాత్రి శైలుని రైలెక్కించాను. బెంగళూరు వెళ్లిన కొన్నాళ్లకి ఫోన్ చేసి, ఇంటి దగ్గర ఒక టీచర్ దొరికారు, శనివారాలు క్లాసు అని చెప్పింది. మళ్లీ కీర్తనలకి ముందు నేర్పే వర్ణాల నుంచి మొదలుపెట్టించారట. ఇప్పటికీ మానలేదు. నాకు పాటలు రికార్డు చేసి పంపిస్తుంది, నేను అమ్మమ్మకి వినిపించి, ఆవిడ అన్న మాటలు అన్నీ తిరిగి చెబుతాను, తిట్లతో సహా.

ఇక ఖర్చుకీ తిరుగుడుకీ తగినదేనా అన్నదానికి నా జవాబు: తగినదే, కానీ కచేరీ ఒక్కటే చూసుకుని తిరిగొచ్చేయకండి. వీలైతే మీ సొంత ఊళ్లోనో, మీ స్నేహితుల ఊళ్లోనో జరిగేదానికి వెళ్లండి. మర్నాడు ఖాళీ ఉంచుకోండి. మీకంటే బాగా వినే మనిషిని తోడు తీసుకెళ్లండి. మైదానంలో అయితే స్టేజీ ముందుకి ఎగబడకుండా, సౌండ్ మిక్సింగ్ చేసే బల్ల పక్కన నిలబడితే అన్ని వాయిద్యాలూ సరిగ్గా వినిపిస్తాయి. ఎందుకంటే అతను తన చెవికి వినపడేదాన్ని బట్టే సర్దుతాడు. తిరుగు ప్రయాణం ముందే మాట్లాడి పెట్టుకోండి. కాలేజీ కచేరీలకి బయటివాళ్లని రానిస్తారో లేదో కూడా ముందే కనుక్కోండి, గేటు దగ్గర వెనక్కి పంపినవాళ్లని ఆ రోజు చాలామందిని చూశాను.

త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు వస్తుంది, మామూలుగా జనవరిలో. ఈసారి దానికి శైలు సెలవు పెడుతోంది. బృందంతో కూర్చుని త్యాగరాజు పంచరత్న కీర్తనలు పాడాలని దాని కోరిక. అమ్మమ్మ అప్పుడే ఏ చీర కట్టుకోవాలో చెప్పేసింది.