మాటలు వినిపించడం తగ్గింది, చెప్పిన పని గుర్తుండటం లేదు

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బుకు మూడేళ్లుగా మందులు వాడుతున్నాడు. చెవిలో మాటలు వినిపించడం తగ్గింది గానీ, పాలు, పెరుగు, కరివేపాకు తెమ్మంటే ఏదో ఒకటే తెస్తాడు. బద్ధకమని వాళ్ల నాన్నగారు కోప్పడుతున్నారు. ఇది మందుల వల్లేనా? ఆపేయవచ్చా?
– ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మందులు ఆపకండి. ఆపితే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. మీ అబ్బాయిది బద్ధకం కాదని వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. విన్నదాన్ని కాసేపు మనసులో నిలుపుకొని పని పూర్తిచేసే శక్తిని వర్కింగ్ మెమరీ అంటారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్, ఇందులో కీలకం. స్కిజోఫ్రెనియాలో దాని పనితీరు దెబ్బతింటుంది కాబట్టి, మూడు వస్తువులు చెబితే దుకాణం చేరేలోగా రెండు జారిపోతాయి. చాలామందిలో ఈ ఇబ్బంది మాటలు వినిపించడానికి ముందే, చదువులో వెనకబడటంగా మొదలవుతుంది. మెదడులోని డోపమైన్ అనే రసాయనాన్ని అదుపు చేసే మందులు భ్రమలను, అనుమానాలను తగ్గించినంతగా దీన్ని తగ్గించలేవు.

అయితే ఒక మందును మాత్రం తప్పక చూడాలి. చేతుల వణుకు, బిగుతు తగ్గేందుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ జ్ఞాపకశక్తిని మందగింపజేస్తుంది. అవసరం తీరాక కూడా కొందరు దాన్ని ఏళ్ల తరబడి వాడుతూనే ఉంటారు. మీ చీటీలో ఆ పేరుంటే, ఇంకా అవసరమా అని సైకియాట్రిస్టును అడగండి. తగ్గించాల్సి వస్తే ఆయన క్రమంగా తగ్గిస్తారు. మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకూడదు. పగలంతా మగతగా ఉంటున్నాడా, దిగులుగా ఉంటున్నాడా, గంజాయి అలవాటుందా అన్నదీ దాచకుండా చెప్పండి.

ఇంట్లో ఒకసారికి ఒకే పని చెప్పండి. చెప్పింది అతని నోటితో తిరిగి చెప్పించండి. సరుకులు అతని చేతే ఫోన్‌లో రాయించండి, మందుల వేళకు అలారం పెట్టించండి. కసిరితే కలిగే కంగారులో ఉన్న కాస్త ఏకాగ్రతా చెదిరిపోతుంది. రోజూ అరగంట చురుగ్గా నడిపించడం కూడా మేలు చేస్తుంది.

వీటితో పాటు జ్ఞాపకశక్తికి, ఏకాగ్రతకు పదును పెట్టే కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే శిక్షణ ఉంది. క్లినికల్ సైకాలజిస్టు పర్యవేక్షణలో, కాగితం మీద గానీ కంప్యూటర్‌లో గానీ కొన్ని వారాల పాటు అభ్యాసాలు చేయిస్తారు. దీన్ని ఏదైనా పని నేర్పడంతో జోడించినప్పుడే నిత్యజీవితంలో ఎక్కువ ఉపయోగం కనిపిస్తుంది. దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో మీ డాక్టరుగారినే అడగండి. ఈలోగా సందేహాలుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.