చింతచెట్టు మీది గబ్బిలాల గురించి

మధురవాడలో మీ పెరటి చింతచెట్టు మీద పెద్ద గబ్బిలాలు చేరాయని, కరోనా భయంతో ఇరుగుపొరుగువారు చెట్టు కొట్టించమంటున్నారని వ్రాశారు. కొట్టించవద్దండి.

కోవిడ్ వైరస్‌కు అతి దగ్గరి బంధువులు దొరికింది చైనాలోని యునాన్, లావోస్ వంటి చోట్ల, ముక్కు మీద గుర్రపు లాడం ఆకారపు మడత ఉండి పురుగులు తినే చిన్న గబ్బిలాలలో. మీ చెట్టుకు వేలాడేవి పండ్లు తినే వేరే జాతివి. 2020లో భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు కేరళ, తమిళనాడు తదితర ప్రాంతాల పండ్ల గబ్బిలాలలో కరోనావైరస్‌లను గుర్తించిన మాట నిజమే గాని, అవి కోవిడ్ వైరస్ కావు. పైగా గబ్బిలం వైరస్ మనిషికి సోకాలంటే మన కణాలకు అతుక్కోగలగాలి, తగిన మోతాదులో చేరాలి. కరోనావైరస్‌ల వల్లే వచ్చిన జబ్బులలో 2002 నాటి సార్స్ గబ్బిలాల నుంచి నేరుగా కాక పునుగుపిల్లుల వంటి జంతువుల మీదుగా, 2012 నాటి మెర్స్ ఒంటెల మీదుగా మనుషులను చేరాయి.

నా దృష్టిలో ఇంతకన్నా పట్టించుకోవలసింది నిపా అనే ప్రాణాంతక వైరస్. 2018లో కేరళలోని కోళికోడ్‌ను వణికించిన ఆ వైరస్‌కు ఆశ్రయం పండ్ల గబ్బిలాలే. అందుచేత కొరికి పడేసిన జామకాయలను పిల్లలను ముట్టనివ్వకండి, నీళ్ల ట్యాంకుకు మూత బిగించండి, రెట్టలను పొడిగా ఊడ్వక, మాస్కు పెట్టుకుని తడిపి కడగండి. కిందపడిన గబ్బిలాన్ని వట్టి చేతులతో తీయవద్దు. కరిస్తే గాయాన్ని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చెట్టు కొట్టిస్తే గుంపు చెదిరి పక్క వీధికి చేరుతుంది, అంతే. ఆవాసమూ తిండీ కోల్పోయిన గబ్బిలాల నుంచి వైరస్ ఎక్కువగా వెలువడుతుందని ఆస్ట్రేలియాలో, అక్కడి పండ్ల గబ్బిలాలలో ఉండే హెండ్రా అనే వైరస్‌పై జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ మాట మీ పొరుగువారికి తప్పక చెప్పండి.