ఇంట్లో కట్టుకునే యాక్టివ్ స్పీకర్‌కి ఎన్ని వాట్లు?

పర్లాకిమిడిలో హాలు కోసం 8 అంగుళాల వూఫర్‌తో (బేస్ పలికే స్పీకర్) యాక్టివ్ పెట్టె, అంటే ఆంప్లిఫయర్ లోపలే ఉండేది, కడుతున్నాను, 100 వాట్ల ఆంప్లిఫయర్ బోర్డు కొనాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదండీ. ముందు వూఫర్ సెన్సిటివిటీ చూడండి. అది 88 డెసిబెల్స్ అయితే ఒక్క వాటుకే మీటరు దూరంలో అంత మోత వస్తుంది, 10 వాట్లకి 98. ఆపైన వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెల్సే. హాలుకి 30 వాట్లు చాలు.

అసలు తిరకాసు బోర్డుకి కరెంటిచ్చే అడాప్టర్ దగ్గర. బోర్డు మీద 100 అని అచ్చేసినా, బ్రిడ్జ్ పద్ధతి (స్పీకర్ రెండు తీగలనీ నడిపేది) క్లాస్-డి ఆంప్లిఫయర్ చిప్ 24 వోల్టుల మీద 8 ఓమ్స్ వూఫర్‌కి శుభ్రంగా ఇచ్చేది 36 వాట్లలోపే. బరంపురంలో నేను మొదట కట్టినప్పుడు పాత రూటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ తగిలించాను. 9 వాట్లు కూడా రాలేదు, బేస్ పడ్డప్పుడల్లా బోర్డు మీది లైటు మినుక్కుమనేది!

చవితి పందిరికైతే లెక్క వేరు. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ పోతాయి.